ఒకే నట్టు, రెండు పానాలు

అన్నయ్య బండి తాళంచెవి చొక్కా జేబులో వేసుకుని, దాని మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. గుండెనొప్పి వచ్చినవాడు కూడా అంత గట్టిగా పట్టుకోడు.

"మధ్యాహ్నం తుక్కు వ్యాపారి వస్తున్నాడు. బండి ఇచ్చేస్తున్నా. ఇంక దీని గురించి ఈ ఇంట్లో మాటలనవసరం," అన్నాడు.

నిన్నటి గొడవ ఆగాక మాట్లాడుతున్నది ఆయన ఒక్కడే గనక, ఆ అనవసరమైన మాటలన్నీ ఆయనవే. ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

చిన్నోడు గుమ్మానికి జారబడి నిలబడ్డాడు. మోచేతికి కట్టు. వంటింట్లో అమ్మ కడిగిన గిన్నెలనే మళ్ళీ కడుగుతోంది. అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తారంటారు. ఈవిడకి అత్త లేదు, ఉన్నది ఇద్దరు కొడుకులు. సొట్టలు మాత్రం గిన్నెలకే పడుతున్నాయి.

నిన్న చిన్నోడు ఎవరిదో ఇల్లు మారుస్తూ, సామాను నిండా ఎక్కించుకుని ఫ్లైఓవర్ ఎక్కాడు. ఎక్కుడులో కింది గేరుకి దిగాల్సిన లారీ దిగలేదు. పై గేరే పట్టుకుని, లాగలేక ఆయాసపడి, ఒక్కసారిగా పట్టు వదిలేసింది. బండి వెనక్కి జారింది. బ్రేకు పూర్తిగా పడేలోపు లోపల అద్దాల బీరువా ముక్కలైంది. బండి ఎలాగో ఇల్లు చేరింది. ఆ తర్వాతి గొడవకి మాత్రం ఏ బ్రేకూ పడలేదు.

గేర్‌బాక్సు పోయిందని చిన్నోడన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నాట్ట నీలాంటివాడే, దాన్ని చంపింది నీ కాలు, అని అన్నయ్య అన్నాడు. అక్కణ్ణుంచి మాటలు గేర్‌బాక్సు దాటి చాలా దూరం వెళ్ళాయి. ఎవడు నాన్నకి ముద్దు, ఎవడు ఇంట్లో దండగ, అంతవరకూ వెళ్ళి ఆగాయి.

నాన్న పోయాక మిగిలిన ఆస్తి ఆ లారీ ఒక్కటే. పాతది, ఆటోమేటిక్ గేర్లది. పొద్దున అన్నయ్య నడుపుతాడు. భోజనాలవేళ బండి వాకిట్లో పెట్టి, తాళంచెవి గోడమేకుకి తగిలిస్తాడు. చిన్నోడు దాన్ని తీసుకుని వెళతాడు. ఇద్దరికీ మాటలు తగ్గి చాలాకాలమైంది. ఉన్న సంబంధమల్లా ఆ మేకే. బండి పోతే దానికీ పనుండదు. ఆ తర్వాత ఈ ఇంట్లో తనకేం పని అని చిన్నోడు నిన్ననే అడిగేశాడు.

ఇద్దరి మధ్యా పుట్టిన ఆడపిల్లని ఇంట్లో డిప్లొమా అని పిలుస్తారు. మెకానికల్ డిప్లొమా చేసి, ఒక సర్వీస్ సెంటర్లో కార్లకి కంప్యూటర్ తగిలించి జబ్బేమిటో చెప్పే ఉద్యోగం చేస్తోంది. ఆ పేరు పెట్టింది అన్నయ్యే. ముద్దుకి పెట్టలేదు.

ఈ పూట ఆమె ఉద్యోగానికి సెలవు పెట్టింది.

"అన్నయ్యా, తాళంచెవి ఇలా ఇవ్వు. ఒకసారి చూస్తాను."

"నువ్వు చూసే బండ్లు వేరే. దీనికి కంప్యూటరూ లేదు, బుర్రా లేదు."

"ఈ ఇంట్లో బుర్రలేనివాటితో నాకు బాగానే అలవాటు."

చిన్నోడి పెదవి ఒక పక్కకి కదిలింది. అన్నయ్య చూపు తగలగానే మళ్ళీ సర్దుకుంది.

అన్నయ్య చెయ్యి జేబు మీంచి కదల్లేదు. వదిన లోపలికి వెళ్ళి, సూదీదారాల డబ్బా మూత తీసి, రెండో తాళంచెవి తెచ్చి ఆడపడుచు చేతిలో పెట్టింది.

"నిన్నెవరు ఇమ్మన్నారు?" అన్నాడు అన్నయ్య.

"ఎవరూ అనలేదు. ఈ ఇంట్లో ఎవరూ ఏదీ అనరు కదండీ," అంది వదిన, డబ్బా మూత పెడుతూ.

*

డిప్లొమా ముందు గేర్‌బాక్సు నూనె చూసింది. ఇంజను నడుస్తుండగా, న్యూట్రల్‌లో పెట్టి, కాసేపు తిరగనిచ్చి కొలిచే పుల్ల బయటికి లాగింది. నూనె గీతల మధ్యే ఉంది. ఎరుపు కాస్త మసకేసింది. వాసన చూసింది. మాడు వాసన మొదలైంది గానీ, మాడిపోలేదు. లోపల గేరు పట్టి ఉంచే ప్లేట్లు అరుగుతున్నాయి, ఇంకా చావలేదు.

చింత చచ్చినా పులుపు చావలేదని ఈ బండిని చూసే అని ఉంటారు.

ఇద్దరూ బండెక్కండి, నడిపి చూస్తాను, అంది. వాడుంటే నేనెక్కనని అన్నయ్య, నేనూ అంతేనని చిన్నోడు. అయితే తుక్కు వ్యాపారినే ఎక్కించుకుంటాను, ఈ ఇంటి సంగతులు అతనికే చెప్తాను అనేసరికి ఇద్దరూ ఎక్కారు. డ్రైవరు పక్కన ఉన్నది ఒకటే పొడుగాటి సీటు. ఆ చివర అన్నయ్య, ఈ చివర చిన్నోడు. మధ్యలో ఇంకో మనిషి పట్టేంత ఖాళీ. నాన్న కూర్చున్నాడేమో అనిపించేలా ఉంది.

బండి కదిలింది. ఇంకా వేగం అందుకోనేలేదు, రెండో గేరుకి మారింది. ఆ వెంటనే మూడు. ఆకలి లేనివాడు అన్నం కెలికినట్టు ఏ గేరులోనూ నిలవకుండా పైకి పోయింది. వీధి చివరి చిన్న ఎక్కుడులో ఆమె కాలు అడుగంటా తొక్కింది. బండి మూలిగింది తప్ప గేరు దిగలేదు.

"ఇదే. రోజూ ఇంతే," అన్నాడు చిన్నోడు. "నేనెక్కేసరికి ఇలాగే చస్తోంది."

"అబద్ధం," అన్నయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ చెల్లెలికి చెప్పాడు. "వాడికి చెప్పు. పొద్దున నేను తీసేసరికి రెండో గేరులోనే గొంతు చించుకుంటుంది. ఎంతకీ మూడుకి మారదు. మారితే వెన్ను విరిగేలా గుద్దుతుంది. వాడు తొక్కి తొక్కి దాన్ని అలా చేశాడు."

"అక్కా, నా చేతిలో అది ఒక్కరోజు కూడా అలా అరవలేదు. ఆయనకి చెప్పు."

"నేనేమన్నా పోస్టాఫీసునా?" అంది డిప్లొమా.

కానీ ఆమె చెయ్యి స్టీరింగ్ మీద ఆగింది. సర్వీస్ సెంటర్లో మొగుడొకటి చెప్తే పెళ్ళామొకటి చెప్తుంది. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారని ఆమె ఇప్పటికి నేర్చుకుంది. ఇక్కడ మాత్రం ఇద్దరి కోపంలోనూ నిజం ఉన్నట్టుంది. ఒకడికి గేరు ఆలస్యంగా మారుతోంది, ఒకడికి తొందరగా. ఒకే బండికి పొద్దునొక జబ్బు, సాయంత్రమొక జబ్బు.

వేడి వల్లేమో అనుకుంది. చల్లగా ఉన్నప్పుడు ఆలస్యం, కాగాక తొందర. కానీ ఇప్పుడు బండి వాకిట్లోంచి వచ్చి ఎంతసేపైంది? నిన్నటి నుంచి నిలబడి, ఇంకా సరిగ్గా కాగని బండి పొద్దుటి జబ్బు చూపించాలి. సాయంత్రపు జబ్బు చూపిస్తోంది. అంటే జబ్బు వేడిది కాదు. మధ్యలో ఎవరో ముట్టుకుంటేనే మారుతోంది. నిన్న బండి గుంజుకొచ్చి నిలబెట్టాక ఎవరూ ముట్టుకోలేదు, అందుకే మారలేదు.

ఆమె బండిని పక్కకి తీసి ఆపింది. దిగి మళ్ళీ బానెట్ ఎత్తి, ఇందాక చూడని పక్కకి టార్చి వేసింది.

లోపలంతా ఏళ్ళ తరబడి పేరుకున్న జిడ్డు, దాని మీద దుమ్ము. ఆ నలుపులో ఒక్క నట్టు మాత్రం కొత్త ఉంగరంలా మెరుస్తోంది.

ఆక్సిలరేటర్ నుంచి గేర్‌బాక్సుకి పోయే కేబుల్ నట్టు అది. ఆ కేబుల్‌కి ఉన్న పనల్లా కబుర్లు మొయ్యడమే. బిగువుగా ఉంటే, డ్రైవరు గట్టిగా తొక్కుతున్నాడు, బరువుంది, కింది గేరు వదలకు అని గేర్‌బాక్సుకి చెప్తుంది. వదులుగా ఉంటే, తీరిగ్గా పోతున్నాడు, పై గేరుకి పో, గట్టిగా పట్టుకోనక్కర్లేదు అంటుంది. డ్రైవరు ప్రాణం పెట్టి తొక్కినా సరే, కేబుల్ చెప్పిందే వేదం.

నట్టు మూలలు అరిగాయి. ఒక పానా సరైన సైజుది, ఇంకోటి కాదు. పక్కన నట్టు తిరిగే మర మీద రెండు గుర్తులున్నాయి. ఒకటి కాగితం మీద తప్పులు దిద్దే తెల్ల రంగు. ఇంకోటి గోళ్ళరంగు, ఎర్రది.

డిప్లొమా వాళ్ళిద్దరినీ పిలిచి టార్చి వేసి చూపించింది.

చిన్నోడు ముక్కు రుద్దుకున్నాడు. అన్నయ్య గొంతు సవరించుకున్నాడు.

"గోళ్ళరంగు వదినది," అంది ఆమె. "వదిన లారీలు రిపేరు చెయ్యడం నేను చూళ్ళేదు."

సంగతి నెమ్మదిగా బయటికొచ్చింది. అన్నయ్యవి పొద్దుటి కిరాయిలు, ఊళ్ళో సందుల్లో గాజుసామాన్లూ అవీ. బండి అరవకుండా మెత్తగా పోవాలి. అందుకని వదులు చేసుకున్నాడు. చిన్నోడివి బరువులు, కొత్త కాలనీల ఎత్తుపల్లాలు. బండి లాగాలి. అందుకని బిగించుకున్నాడు. రెండోవాడు తిప్పాడని ఒకడికీ తెలీదు, రెండో రంగు ఏ పాత మెకానిక్కుదో అనీ, కుదుపులకి నట్టు జరిగి బండికే జబ్బు ముదురుతోందనీ అనుకున్నారు. కాబట్టి ఎవరికి వాళ్ళు రోజూ మళ్ళీ తమ గీత దాకా తిప్పుకున్నారు. గుర్తులు మాత్రం శ్రద్ధగా పెట్టుకున్నారు.

"ఒక్క ముక్క చెప్పుకోలేకపోయారా? గేరు సరిగ్గా మారట్లేదురా అని. ఒక్క ముక్క."

"చెప్తే ఏమవుతుందో తెలీదా నీకు?" అన్నాడు చిన్నోడు.

తెలుసు. లోపం ఎవడు చెప్తే వాడే బాగు చేయించాలన్నది నాన్న పెట్టిన రూలు. పిల్లల ఫిర్యాదులు తగ్గుతాయని ఆయన ఉద్దేశం. తగ్గాయి. ఇంట్లో కుళాయి కారుతుంటే ఎవరికి వాళ్ళు చప్పుడు కాకుండా ఒక గుడ్డ చుట్టి వస్తారు. ఇప్పుడా కుళాయికి తలపాగా ఉంది, నీళ్ళు మాత్రం కారుతూనే ఉన్నాయి.

డిప్లొమాకి ఒళ్ళు మండింది. ఆ మంట అడుగున కాస్త ప్రాణం లేచి వచ్చింది కూడా. గేర్‌బాక్సు బతికే ఉంది. కేబుల్ సరిచేస్తే చాలు, తుక్కు వ్యాపారికి మంచినీళ్ళిచ్చి పంపెయ్యొచ్చు.

*

ఈ కేబుల్ సరిచెయ్యడానికి ఒక మనిషి చాలడు. ఒకరు లోపల కూర్చుని పెడల్ అడుగంటా తొక్కి పట్టుకోవాలి, ఒకరు బానెట్ కింద తిప్పాలి. బండి మళ్ళీ వాకిట్లోకి తెచ్చి, అన్నయ్యని లోపల కూర్చోబెట్టింది. చిన్నోడికి టార్చి ఇచ్చింది.

"తొక్కు అన్నయ్యా. పూర్తిగా."

తొక్కాడు. ఆమె పానా నట్టుకి తగిలించబోయి ఆగింది.

నట్టు ఎర్ర గీత దగ్గర లేదు.

ఎర్ర గీత అన్నయ్య రోజూ ఆపే చోటు. నట్టు దాన్ని దాటి, మర చివరిదాకా పోయి ఉంది. ఇంకో చుట్టు తిప్పితే ఊడి చేతికొచ్చేలా. మెత్తగా పోవడానికి ఎవరూ అంత వదులు చెయ్యరు. అంత వదులు చేస్తే బరువుతో ఎక్కుడు ఎక్కే బండి చేతులెత్తేస్తుంది. నిన్న ఫ్లైఓవర్ మీద ఎత్తేసినట్టు.

నిన్న భోజనాలవేళ బీరువాల ఇంటాయన వాకిట్లోనే బండెక్కి చిన్నోడి పక్కన కూర్చున్నాడు. కిరాయి ఇచ్చేవాడి ముందు బానెట్ ఎత్తకూడదని వాడు నట్టు ముట్టుకోలేదు. అంటే ఇది నిన్న పొద్దున అన్నయ్య పెట్టినట్టే ఉంది.

ఆమె చేతిలో పానా ఉంది. ఒక్క తిప్పు తిప్పితే నట్టు దాని చోటికి పోతుంది. ఇంక ఎవరూ ఏదీ నిరూపించలేరు. బండి నిలుస్తుంది. మేకు నిలుస్తుంది. ఆమె పానా తగిలించింది.

"అక్కా, ఆగు," అన్నాడు చిన్నోడు.

టార్చి వెలుగు ఎర్ర గీత మీంచి నట్టు దాకా వెళ్ళింది. మళ్ళీ గీత దగ్గరికొచ్చింది. మళ్ళీ నట్టు.

"ఆయన గీత ఇది కదా. మరి అదేంటి?"

ఆమె పానా వెనక్కి తీసింది. వాడు టార్చి ఆర్పి డ్రైవరు తలుపు దగ్గరికి నడిచాడు. ఎన్నో నెలల తర్వాత అరవకుండా అన్నయ్యతో నేరుగా మాట్లాడాడు.

"నిన్న నాకు ఫ్లైఓవర్ కిరాయి ఉందని నీకు తెలుసు."

అన్నయ్య కాలు పెడల్ మీంచి లేచింది.

"అమ్మకి చెప్పి తీసుకున్నా ఆ కిరాయి. నువ్వు పక్కనే ఉన్నావ్. బీరువాలున్నాయని కూడా చెప్పా. తెలుసా, తెలీదా?"

"తెలుసు."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. పొద్దుటి నుంచి అంత భయం వేసే శబ్దం ఆ ఇంట్లో వినపడలేదు.

"నా వెనకాల స్కూలు బస్సుంది," అన్నాడు చిన్నోడు. గొంతు పెంచలేదు. "బండి జారుతుంటే అద్దంలో దాని మొహం పెద్దదవుతోంది. నేను చచ్చిపోతానని అనుకోలేదు. నా వల్ల ఎవరో చచ్చిపోతారనుకున్నా."

అన్నయ్య మొహంలో రంగు దిగిపోయింది. బస్సు సంగతి ఆయనకి ఇప్పుడే తెలిసింది. అయినా ఆయన నోరు క్షమించమనలేదు. పెద్దకొడుకుల నోళ్ళు అలా తయారు కావు.

"ఆగిపోతుందనుకున్నా. ఊరికే ఆగిపోతుందనుకున్నా," అన్నాడు. "నా నడుం పోయిందిరా. దిగి నిలబడటానికి తలుపు పట్టుకోవాల్సొస్తోంది. గోడౌన్లో కూర్చునే ఉద్యోగం ఇస్తామన్నారు. నేను మానేస్తానంటే మీరంతా కలిసి నన్ను తింటారు. బండే మానేస్తే ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేరు."

"కాబట్టి నన్నన్నావ్. నా కాలు చంపిందన్నావ్."

అన్నయ్య తలుపు పట్టుకుని, నడుం మీద చెయ్యి వేసుకుని కిందికి దిగాడు.

అమ్మ తడిచేతులతో వాకిట్లోకి వచ్చింది. "మానేస్తానని నాతో చెప్తే నేను నిన్ను తినేసేదాన్నా?"

"నాన్నతో అంతకాలం కాపురం చేశావ్. నువ్వేం చెప్పగలిగావమ్మా ఆయనతో?"

అమ్మ చెయ్యి లేచింది. కొట్టలేదు. చీర చెంగుకి తుడుచుకుని, ఆ చేతిని ఎక్కడ పెట్టాలో తెలీనట్టు చూసింది. గడపలో నిలబడ్డ వదిన మొగుడి వైపు తిరిగి, సామాన్ల పెట్టెల మీద గుర్తులకని నా గోళ్ళరంగు అడిగారు, అని మాత్రం అంది. ఆ ఒక్కమాటకి అన్నయ్య అమ్మ మాటకంటే ఎక్కువ తల దించాడు.

డిప్లొమాకి ఏం చెయ్యాలో తెలియలేదు. తెలిసిన పని ఒకటి చేతిలో ఉంది. "ఎవరో ఒకరు ఆ పెడల్ తొక్కండి," అంది. ఎవరూ కదల్లేదు. వదినే వచ్చి, చీర కాస్త ఎత్తి పట్టుకుని, క్యాబిన్ ఎక్కి తొక్కింది. డిప్లొమా నట్టు తిప్పింది. ఎరుపుకీ తెలుపుకీ మధ్య, ఎవరి గీతా లేని చోట ఆపి బిగించింది. పళ్ళు కొరుకుతూ బిగించింది.

*

తుక్కు వ్యాపారి పొట్టి మనిషి. చేతిలో అయస్కాంతం పట్టుకుని వచ్చాడు. లారీ చుట్టూ తిరిగి, ఇంజను వేయించి, చెవి రిక్కించాడు. వీధి చివరిదాకా నడిపి చూస్తానన్నాడు. ఆపే ఓపిక ఎవరికీ లేదు.

బండి వెళ్ళడం డిప్లొమా గేటు దగ్గర నిలబడి వింది. ఒకటి. రెండు. ఎక్కుడు దగ్గర ఆయన తొక్కాడు, బండి గబుక్కున గేరు దిగి, దమ్ము బిగబట్టి పైకెక్కింది. ఇంకో రోజైతే ఆ శబ్దానికి ఆమె ఎగిరి గంతేసేది.

ఆయన మొహం వెలిగిపోతూ తిరిగొచ్చాడు. "తుక్కన్నారేంటండీ? ఇది తుక్కా? గేర్లు వెన్నలా పడుతున్నాయి. నేను దీన్ని విరగ్గొట్టను, తిప్పుతాను. మా యార్డులో సామాను మొయ్యడానికి ఇలాంటిదే వెతుకుతున్నా. దీని నాడి తెలిసిన డ్రైవరు కూడా దొరికితే ఇప్పుడే మాట్లాడేసుకుందాం."

తను చేసిన పనేమిటో డిప్లొమాకి అప్పుడర్థమైంది. చచ్చిన బండైతే తుక్కుగా ఒక్కటే పోయేది, డ్రైవర్ని వెంట తీసుకుపోయేది కాదు. ఆమె దాన్ని బతికించి పెట్టింది.

"నేనొస్తాను," అన్నాడు చిన్నోడు.

అమ్మ వాణ్ణి పేరు పెట్టి పిలిచింది. వాడు వినలేదు. అన్నయ్య వైపు చూడకుండా ఆయన ముందు నుంచే నడిచి, డ్రైవరు సీట్లోకెక్కి తలుపేసుకున్నాడు. వ్యాపారి అటునుంచి ఎక్కాడు.

అన్నయ్య రెండడుగులు వేశాడు. నడుం పట్టుకుని ఆగిపోయాడు. "ఒరేయ్," అన్నాడు. తర్వాత ఏమనాలో ఆయనకి ఎవరూ నేర్పలేదు.

డిప్లొమా పరిగెత్తలేదు. నడిచి వెళ్ళి, బండి ముందు నిలబడి, రెండు చేతులూ బానెట్ మీద పెట్టింది. వేడిగా ఉంది.

"అడ్డు లే అక్కా."

"దిగి ఆయన్ని తిట్టు. కావాలంటే కొట్టు. నేను పట్టుకుంటాను ఆయన్ని. దిగు."

"తిడితే ఏమొస్తుంది?"

"ఈ ఇంట్లో ఎవడైనా ఒకసారి చేసి చూస్తే కదా తెలిసేది."

అద్దం వెనక వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వాడు గేరు మార్చాడు. బండి అంతా ఒకసారి చిన్నగా ఉలిక్కిపడి, ఆమె అరచేతుల్ని తోసింది.

ఆటోమేటిక్ బండికి ఒక గుణం ఉంది. గేరులో పడ్డాక దాన్ని ముందుకి పంపడానికి ఎవరూ ఏమీ తొక్కనక్కర్లేదు. బ్రేకు మీంచి కాలు తీస్తే చాలు, అదే కదులుతుంది. ఆ సంగతి అక్కకీ తెలుసు, తమ్ముడికీ తెలుసు.

ఆమె చేతులు తియ్యలేదు. వాడు కాలు తియ్యలేదు. ఇంకా.